ముక్కక్క గాలి తీసిన కూరలు

మా అత్తగారిని నూలు మిల్లు క్యాంటీన్‌లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ముక్కక్క అనేవారు. ఆవిడ ముక్కు పెద్దదేమీ కాదు, పైగా కాస్త చప్పిడి. కానీ అది పనిచేసే ముక్కు. వంట దిగాక పెద్ద గిన్నెల మూతలు వరసగా తీసి, ఒక్కోదాని మీదా వంగి, కళ్ళు మూసుకుని నిండా ఒక్కసారి గాలి పీల్చేదట. ఆవిడ "ఊఁ" అంటేనే గరిటె దిగాలి. "ఊఁహూఁ" అందంటే ఇక మేనేజరు వచ్చి బతిమాలినా ఆ గిన్నె బల్ల మీదికి ఎక్కదు. షిఫ్టు దిగిన కార్మికులు కంచాలు పట్టుకుని ఆవిడ ముఖం వంకే చూస్తూ నిలబడేవారట.

ఒకసారి చేపల పెట్టెలు బండిలోంచి దించుతుంటే, లోపల ఉల్లిపాయలు తరుగుతున్న ఈవిడ కత్తి చేత్తో పట్టుకునే బయటికొచ్చి, అడుగు పెట్టె వెనక్కి తీసుకుపొమ్మందట. చేపలు తెచ్చినాయన తల్లి మీదా పిల్లల మీదా ఒట్లు పెట్టాడు. "అంత మంచివైతే ఒకటి ఇక్కడే వేయించి పెడతాను, కూచుని తినండి" అందట. ఆయనకి ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చి పెట్టె ఎత్తుకుని పోయాడు. ఈ కథ నాకు మా ఆయన చెప్పాడు, క్యాంటీన్‌లో పాత్రలు తోమిన ముసలావిడ చెప్పింది, చివరికి ఒకరోజు బస్సులో పక్క సీటు ఆయన కూడా చెప్పాడు. అత్తగారు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చేపలన్నాక వాసన రాదా, అందులో గొప్పేముంది అనేది.

మా మామగారు మా ఆయన పసితనంలోనే పోయారు. ఆవిడ ఆ క్యాంటీన్ పొయ్యిల ముందే నిలబడి కొడుకుని పెంచింది. మిగిలిన కూర ఇంటికి పట్టుకెళ్ళమని అందరూ అనేవారట, కానీ ఆవిడ లెక్కలో కూర మిగిలిందంటే వంట తప్పినట్టు. క్యారెట్ల ఆకులు సూప్‌లో పడేవి, రొట్టెల అంచులు ఎండబెట్టి పొడి కొట్టేది, ఉల్లిపాయ పొట్టు తప్ప ఏదీ చెత్తబుట్ట ముఖం చూసేది కాదు. వందల మందికి వండి గరిటెడు మిగలకుండా దించే మనిషి, క్యాంటీన్ మూసేశాక ఇంటికొచ్చి ముగ్గురికి వండలేక నానా తిప్పలూ పడింది. చెయ్యి చిన్నది కాదు మరి. పిండికొద్దీ రొట్టె అంటారు, మా ఇంట్లో గిన్నెకొద్దీ కూర. ఒకసారి బంగాళాదుంపలు వండితే మేం మూడు రోజులు తిన్నాం, పక్కవాటా వాళ్ళు రెండు రోజులు తిన్నారు. ఆ తర్వాత మమ్మల్ని చూస్తే పక్కవాటా వాళ్ళు తలుపేసుకునేవారు.

నేను బస్టాండ్‌లో టికెట్ల కౌంటరులో కూచుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అమ్మకి ముక్కులో ఉన్నది నీకు ముక్కు మీదుంది అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్న మహానుభావుడు మా ఇంటికి రాలేదు గానీ, వచ్చుంటే ఏ పూటకా పూట సాక్ష్యం దొరికేది. గిన్నె ఇక్కడెందుకు పెట్టారని నేను, అక్కడెందుకు పెట్టాలని ఆవిడ. అంతకు మించిన పెద్ద గొడవలు ఎప్పుడూ లేవు. పెద్ద గొడవలకు మాకు తీరికేదీ?

నాకు మొదటిసారి నెల తప్పి, నిలబడలేదు. ఆ రోజుల్లో ఊరట చెప్పడానికి వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి అన్నారు. వయసుందిగా అన్నవాళ్ళున్నారు, ఏం తిన్నావేమిటి అని ఆరా తీసినవాళ్ళున్నారు. మా అత్తగారు ఒక్క ముక్క మాట్లాడలేదు. దుప్పట్లు ఉతికింది, గది తుడిచింది, సాయంత్రం వచ్చి మంచం మీద నా కాళ్ళ దగ్గర కూచుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. అప్పటినించీ ఆవిడంటే నాకు ఇష్టం. అలాగని గిన్నెల గొడవ మానలేదు.

రెండోసారి నెల తప్పినప్పుడు మేం ముగ్గురం సంతోషం కూడా మెల్లగా, చప్పుడు కాకుండా పడ్డాం. అంతలో వేవిళ్ళు మొదలయ్యాయి. అందరికీ ఉంటాయి వేవిళ్ళు, నాకు తెలుసు. నావి అలాంటివి కావు. ఏ వాసనా పడేది కాదు. ఉల్లిపాయ వేగితే కడుపులో తిప్పేది, అన్నం ఉడికితే తిప్పేది, పాలు కాగితే ఇక చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే బస్టాండ్‌లో డీజిల్ పొగ హాయిగా ఉండేది. ఇంటికొచ్చి మెట్ల మీద కాలు పెట్టగానే, మా వాటాలో ఏం వండారో, పై వాటాలో నిన్న ఏం వండారో కూడా తెలిసిపోయేది. తిన్నది నిలిచేది కాదు, అసలు తినేదే తక్కువ. బట్టలు వదులైపోయాయి.

డాక్టరమ్మ తూకం మీద నిలబెట్టి చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బిడ్డకి కావలసింది నీ ఒంట్లోంచే రావాలమ్మా. నువ్వే ఇలా అరిగిపోతుంటే అదెక్కడ తెచ్చుకుంటుంది? వచ్చేసారికి ఇంకా తగ్గితే మాత్రం ఇంటికి పంపను, ఇక్కడే పడుకోబెట్టి సెలైను పెడతాను" అంది. మందులు రాసింది. మందులు కూడా కక్కాను. ఈ బిడ్డ కూడా పోతుందేమోనన్న భయం పొద్దున లేవగానే నాకంటే ముందు లేచేది. పైకి అనేదాన్ని కాదు, మా ఆయనా అనేవాడు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారు నా ప్రాణం తియ్యడం మొదలుపెట్టింది.

అంతకుముందు ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చి తగ్గాయి. జ్వరం తగ్గి లేచిన దగ్గర్నించీ ఆవిడకి ఒక కొత్త అలవాటు వచ్చింది. నేను ముందు గదిలో కిటికీ పక్కన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూచుని ఉంటానా, గరిటెలో ఏదో వేసుకుని వచ్చి సరాసరి నా ముఖం ముందు పెట్టేది. "అమ్మాయ్, ఇది కాస్త చూడు, ఉప్పు సరిపోయిందేమో." నేను పరుగున పోయి కక్కొచ్చేదాన్ని. మర్నాడు పాలగిన్నె. "అమ్మాయ్, ఇవి కాగినట్టేనా?" మళ్ళీ పరుగు. ఆ మర్నాడు మాంసం. ఉడకనిది, పచ్చిది, పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. "ఇది చూడు, రంగు బాగానే ఉందంటావా?" రంగు చూడటానికి ముక్కు దాకా తేవాలా చెప్పండి.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. మా ఆయనతో చెబితే, "అమ్మ మరిచిపోతోందేమోలే, పెద్దదైంది" అన్నాడు. మరిచిపోవడమేమిటి! పదేళ్ళ కిందటి గరిటె ఏ మేకుకి వేలాడిందో చెప్పే మనిషి. కావాలనే చేస్తోందనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నందుకు నాకేం సిగ్గు లేదు, నా స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున ఉడికించిన గుడ్డు ఒలిచి తీసుకొచ్చింది. నేను అప్పుడే ఒక ముక్క రొట్టె తిని, అది లోపల నిలబడుతుందా లేదా అని కదలకుండా కూచుని ఉన్నాను. గుడ్డు ముక్కు కిందికి వచ్చింది. రొట్టె పోయింది. పాలు పొంగినట్టు పొంగాను నేను.

"అత్తయ్యా, మీకేం పాపం చేశాను? నేను తినడం మీకిష్టం లేదా? ఈ బిడ్డ ఉండటం మీకిష్టం లేదా?"

ఆవిడ గుడ్డు చేత్తో పట్టుకునే కుర్చీలో కూలబడి, "నాకు వాసన రావడం లేదమ్మాయ్" అంది.

నాకు అర్థం కాలేదు. "జలుబా?" అన్నాను, ఇంకా కోపంగానే.

"జలుబు కాదు. జ్వరం తగ్గిన రోజు కాఫీ పెట్టుకున్నాను. వేడినీళ్ళలా ఉంది. పొడి వెయ్యడం మరిచానేమోనని ఇంకో రెండు చెంచాలు వేశాను. చేదు తెలిసింది గానీ కాఫీ తెలియలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూస్తున్నాను. రాలేదు. నాలిక్కి ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, అంతే. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టుంది."

"మరి ఉప్పు చూడమని నన్నెందుకు..."

"ఉప్పు కోసం కాదే." నన్ను 'కాదే' అని చనువుగా అనడం అదే మొదటిసారి. "పాడైందేమో చూడమని. పాలు విరగబోతున్నాయా, మాంసం నిన్నటిదా, గుడ్డు మంచిదా, నాకేం తెలుస్తోంది ఇప్పుడు? నువ్వు ఒట్టి మనిషివి కాదు. నా చేత్తో నీకు పాడైంది ఏదన్నా పెడితే? ఇంట్లో నీ ముక్కుని మించింది లేదు. నువ్వు కక్కుతుంటే బాగాలేదేమోనని అన్నీ పారబోస్తూ వచ్చాను. అన్నిటికీ కక్కుతున్నావాయె!"

అదీ సంగతి. ఆవిడ గరిటె తెచ్చేది, నేను కక్కేదాన్ని. నేను కక్కితే ఆవిడ కూర పాడైందనుకుని పారబోసి మళ్ళీ వండేది. మళ్ళీ వండితే మళ్ళీ వాసన. క్యారెట్టు ఆకు పారెయ్యని మనిషి గిన్నెలకు గిన్నెలు పారబోసింది, నాకు తెలియకుండా, పక్కవాటా వాళ్ళ చెత్తబుట్టలో. నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఆవిడ గుడ్డు కిందపెట్టి చేతులు చీరకి తుడుచుకుంటూనే ఉంది.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ముక్కు పోయిందంటే వంటిల్లు కూడా పోతుంది గదా" అంది.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాక ఆవిడే చెప్పింది. వాడు, అదే మా ఆయన, ఫ్రిజ్జులూ వాషింగ్ మిషన్లూ బాగుచేసే మెకానిక్కు. ఒంటినిండా గ్రీజు. "పోన్లే అమ్మా, నా చొక్కా ఉతకమని ఇక తిట్టవు" అన్నాడు. అని, బాల్కనీలోకి పోయి మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

ఆ రోజు నించీ అత్తగారు పొయ్యి ముట్టుకోలేదు. ఎంత చెప్పినా వినలేదు. "గుడ్డివాడు బస్సు నడుపుతానంటే నువ్వు టికెట్ ఇస్తావా?" అని నన్నే అడిగింది. మా ఆయన బయటినించి రొట్టె, అన్నం తెచ్చేవాడు. బయటి తిండి వాసన ఇంకా ఘోరం. నా తూకం ఇంకొంచెం జారింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గరకొస్తోంది. ఆసుపత్రి మంచం నా కళ్ళకు కట్టినట్టు కనబడేది, మొదటిసారి పడుకున్న మంచమే.

అప్పుడు మా ఆయన ఒక సాయంత్రం చంకలో ఒక మిషను పెట్టుకుని వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, అల్యూమినియం పెట్టెలా ఉంది. ఇల్లు మారుతున్నవాళ్ళెవరో పనిచెయ్యడం లేదని పారేయబోతే షాపుకి తెచ్చుకున్నాడట. లోపల రబ్బరు అరిగిందంతే, మార్చాడు. కవర్లో పెట్టిన వస్తువులోంచి గాలంతా పీల్చేసి, మూతిని కాల్చి అతికించేస్తుంది. షాపులో మూల పడున్న పాత ఫ్రీజరు కూడా ఒకటి బాగుచేసి, ఇద్దరు మనుషుల చేత మోయించుకొచ్చాడు.

"చూడమ్మా" అన్నాడు. "పొద్దున్నే మార్కెట్టుకి నేనొస్తాను. నా కళ్ళ ముందు తాజాది కొందాం. వెంటనే వండు. చల్లార్చి, గాలి తీసి, గడ్డకట్టించు. కవరు మీద తేదీ రాయి. ఇంక వాసన చూడాల్సిన పనేముంది? పొద్దున మంచిదైతే ఫ్రీజర్లో ఉన్నంతకాలం మంచిదే."

"కరెంటు పోతే?"

"పోతే నేనెందుకున్నాను?"

"గాలి తీస్తే సరిపోతుందా?"

"సరిపోదు. చల్లగానూ ఉండాలి. ఎప్పుడన్నా కవరు ఉబ్బితే మాత్రం లోపల ఏదో మొదలైనట్టే, ఆలోచించకుండా పారెయ్యి."

ఆవిడ మిషను చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఉబ్బితే అన్న మాట దగ్గర ఆగింది. "ఉబ్బింది చేత్తో తెలుస్తుంది గదా" అంది, తనలో తాను.

మొదటి రోజు అంతా అభాసే. క్యాంటీన్ అలవాటు, దించింది దించినట్టు మూత పెట్టెయ్యాలి. వేడివేడి సూప్ కవర్లో పోసి మిషను మూత నొక్కింది. మిషను గాలి పీల్చమంటే సూప్ పీల్చింది. గుడగుడమని ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. "దీనికి నాకంటే ఆకలిగా ఉంది" అంది అత్తగారు. మా ఆయన ఆ సాయంత్రమంతా స్క్రూలు విప్పి దాని కడుపు కడిగాడు. తర్వాత ఆవిడే ఉపాయం కనిపెట్టింది. సూప్ చల్లారాక చిన్న చిన్న గిన్నెల్లో పోసి ఫ్రీజర్లో పెట్టి, రాయిలా గట్టిపడ్డాక గిన్నె బోర్లించి, ఆ గడ్డని కవర్లో పెట్టి గాలి తీసింది. ఈసారి కవరు చర్మంలా అతుక్కుపోయింది. బఠాణీలు, క్యారెట్లు ముందు మరిగే నీళ్ళలో ముంచి తీసి, చల్లార్చి, ఆరబెట్టి సీలు చేసింది. మాంసం ఉడికించి, గుప్పెడు గుప్పెడు చొప్పున.

ముగ్గురికి వండలేని చెయ్యి అప్పుడు తెరిపిన పడింది. మార్కెట్టు కట్టేసే వేళకి టమాటాలు బుట్టలకి బుట్టలు చవగ్గా పడేస్తారు. కోడి మొత్తంగా కొంటే ముక్కలుగా కొన్నదాని కంటే ఎంతో తక్కువ. ఇన్నాళ్ళూ కొంటే పాడవుతుందని కొనేవాళ్ళం కాదు. ఇప్పుడు ఆవిడ గిన్నెకొద్దీ వండి, పిడికిలికొద్దీ కట్టింది. నేను బస్టాండ్‌లో డీజిల్ పీలుస్తున్నంతసేపూ కిటికీలన్నీ తెరిచి వండేది. నేనొచ్చేసరికి ఇల్లు కడిగేసి, ఫ్యాన్లు తిప్పేసి, ఏమీ ఎరగనట్టు కూచునేది. అయినా నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు. చలిలో దాచినా వేడి చేసినప్పుడు వాసన రాక ఎక్కడికి పోతుంది?

ఒక సాయంత్రం పని నించి వచ్చి, నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళి, అక్కడే పీట మీద కూచుండిపోయాను. ఆ వేళ కౌంటరులో ఒకాయన చిల్లర దగ్గర నాతో పెట్టుకున్న గొడవంతా అత్తగారికి చెబుతున్నాను. ఆయన ఏమన్నాడు, నేనేమన్నాను, తిరిగి ఆయనేమన్నాడు. ఆవిడ ఊఁ కొడుతోంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు సన్నగా కాగుతున్నాయి. చాలాసేపటికి ఆవిడ నా వంక అదోలా చూస్తోందని గమనించాను.

"ఏమిటత్తయ్యా?"

"ఏం లేదు. ఎంతసేపైంది నువ్వు ఇక్కడ కూచుని?"

అప్పుడు తట్టింది నాకు. వేవిళ్ళు మొదలైన దగ్గర్నించీ నేను ఆ గుమ్మం దాటింది లేదు. "పొయ్యి మీద ఏముంది?" అన్నాను.

"కోడిమాంసం. బంగాళాదుంపలు. నీ భోజనం."

లేచి చూశాను. వేణ్ణీళ్ళలో రెండు కవర్లు మునిగి ఉన్నాయి. లోపల ఉన్నది లోపలే వేడెక్కుతోంది. ఒక్క పోగు వాసన బయటికి రాలేదు. గిన్నె మీదికి వంగాను. నీళ్ళ ఆవిరి, అంతే. ఆవిడ కవరు తీసి, తుడిచి, బాల్కనీలోకి తీసుకుపోయి గాలికి నిలబడి కత్తెరతో కత్తిరించి, పళ్ళెంలో వేసి చల్లార్చి తెచ్చింది. నేను కళ్ళు మూసుకుని ఒక ముద్ద పెట్టుకున్నాను. మింగాను. ఇద్దరం నా కడుపు వంక చూస్తూ కూచున్నాం. ఏమీ కాలేదు. ఇంకో ముద్ద తిన్నాను.

"ఊఁ?" అంది ఆవిడ.

"ఊఁ" అన్నాను.

అత్తగారు పమిట ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆకలి రుచెరుగదంటారు, ఆ పూట నాకు రుచి కూడా తెలిసింది. పళ్ళెం నాకినంత పని చేశాను. రెండో కవరు నాకే ఇవ్వబోతే అప్పుడు చూశాను, ఆవిడ మణికట్టు మీద గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నా కక్కుళ్ళ గొడవలో పడి ఆవిడ తింటోందా లేదా అని మేమెవ్వరం చూడలేదు. అట్టముక్కలు ఎవరికి తినబుద్ధవుతుంది? "మీరు తింటేనే నేను తింటాను" అని భీష్మించుకున్నాను. "నాకు తెలిసేదేముందే" అంది. "తెలియకపోతే మరీ మంచిది, మీ వంటని మీరే తిట్టుకోరు" అన్నాను. తిట్టింది, తింది. అప్పటినించీ ఏ కవరైనా ఇద్దరికీ సగం సగం.

డాక్టరమ్మ తూకం చూసి మళ్ళీ కళ్ళద్దాలు తీసింది. పెద్దగా పెరగలేదు గానీ, తగ్గలేదు. "ఏం తింటున్నావు?" అని అడిగింది. మా అత్తగారు అంతవరకూ ఒళ్ళో పెట్టుకున్న సంచి మీద చేతులు గట్టిగా బిగించి, నా జవాబు కోసం నాకంటే ఆత్రంగా చూసింది. "ఇంట్లో వండిందేనండీ" అన్నాను.

ఆ పైసారి పెరిగాను. ఆ పైసారి ఇంకా. ఆవిడ రోజూ పొద్దున్నే ఫ్రీజరు తెరిచి, ఒక్కో కవరునీ వేళ్ళతో నొక్కి, నిమిరి, తిప్పి చూసేది. ఒకసారి కరెంటు పోయి, ఫ్రీజరు చల్లదనం తగ్గిన రోజున ఒక మాంసం కవరు మూల దగ్గర కొంచెం ఉబ్బి మెత్తగా తగిలింది. మా ఆయన కత్తిరించి వాసన చూసి బాగానే ఉందన్నాడు, మంచి మాంసమమ్మా, చాలా పెట్టి కొన్నామన్నాడు. "నీ ముక్కు నీ దగ్గరే ఉంచుకో" అని ఆవిడ దాన్ని తీసుకుపోయి పారేసింది. ఈసారి మా చెత్తబుట్టలోనే.

ఆ మాటకొస్తే, ఆ నెలల్లో ఆవిడ నన్ను వాసన గురించి అడిగింది ఒక్కటే. బాగుందా, బాగాలేదా. అంతకు మించి ఏ రోజూ అడగలేదు. ముక్కు పోయిందని ఏడవలేదు. పోయిన దాని గురించి మాట్లాడటం ఆవిడకి మొదటినించీ చేతకాదు.

నెలలు నిండేసరికి ఫ్రీజరు మూత మూసుకోవడం కష్టమైంది. నేను ఆసుపత్రిలో ఉండే రోజులకీ, వచ్చాక మంచం మీద ఉండే రోజులకీ సరిపడా కట్టిపెట్టింది. మా ఆయనకి నీళ్ళు కాచుకోవడం నేర్పింది. అందుకే నొప్పులొచ్చిన రోజు ఆవిడకి వంటింట్లో పనేమీ లేకపోయింది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ కింద పెట్టుకుని కూచుందని మా ఆయన తర్వాత చెప్పాడు.

పాప పుట్టింది. ఏడుపు కూడా బాగా గట్టిగా ఏడ్చింది, నా కోపమే వచ్చిందన్నారు. మధ్యాహ్నం నన్ను గదిలోకి మార్చాక నర్సు పాపని తెచ్చి అత్తగారి చేతుల్లో పెట్టింది. ఆవిడ తెల్లటి గుడ్డ కాస్త తొలగించి, ముఖం చూసింది, వేళ్ళు చూసింది. తర్వాత పాప తల మీదికి వంగి, కళ్ళు మూసుకుని, నిండా ఒక్కసారి గాలి పీల్చింది.

నేను చూస్తున్నాను. ఆ ముఖంలో ఏదీ కదల్లేదు. మళ్ళీ పీల్చింది, ఇంకా దగ్గరగా, ముక్కు ఆ మెత్తటి జుట్టులో ఆనించి. ఊపిరి వదిలి, కళ్ళు తెరిచింది. ఆ క్షణంలో నాకు ఆవిడ మీద ఎంత జాలి కలిగిందంటే, పురిటి నొప్పులు అంతకంటే నయమనిపించింది. ఇన్ని నెలలు ఎవరి కోసం ముక్కు లేకుండా వండిందో, ఆ పిల్ల చేతుల్లో ఉంది, ఆవిడకి అందడం లేదు.

కుర్చీ నా మంచానికి దగ్గరగా లాక్కుని కూచుని, పాపని చేతుల్లోనే మా ఇద్దరి మధ్యకి తెచ్చింది.

"అమ్మాయ్, ఇది కాస్త చూడు" అంది. "బాగుందా బాగాలేదా అని కాదు. ఎలా ఉందో చెప్పు. నేను మా వాణ్ణి కన్నప్పటిది మరిచిపోయాను."

నేను పాప తల వాసన చూశాను. నెలల తరబడి వీధి చివర ఉల్లిపాయ వేగినా పసిగట్టిన ముక్కు, ఇప్పుడు దానికి మాటలు లేవు.

"పాలవాసనత్తయ్యా" అన్నాను.

"పుల్లగా లేదుగా?"

"లేదు. తాజాగా ఉంది."

"ఇంకా?"

"అన్నం మూత తీసినట్టు... అంత గట్టిగా కాదు. పక్కింట్లో తీసినట్టు."

ఆవిడ నవ్వింది. కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "ఊఁ" అని మళ్ళీ పాప తల మీదికి వంగి, ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంది.

"చెప్పు" అంది. "ఆపకు, చెబుతూ ఉండు."

నేను చెబుతూనే ఉన్నాను.